అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ స్లో అయితే: పాత డ్రైవర్‌కి తిరిగి వెళ్లడం ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేయదు

అప్‌డేట్ పూర్తయి రీస్టార్ట్ అయ్యాక కంప్యూటర్ నెమ్మదించిందంటే చాలామంది ముందు ఆ అప్‌డేట్‌నే తీసేయాలని చూస్తారు. కుదరకపోతే మొత్తం ఫార్మాట్ కొట్టేస్తారు. ఈ రెండూ అక్కర్లేని సందర్భాలు చాలా ఉంటాయి. నిన్నటిదాకా సాఫీగా నడిచిన గేమ్ ఇవాళ ఆగి ఆగి నడుస్తుంది. వీడియో కాల్‌లో గొంతు తెగిపోతుంది. వైఫై వేగం సగానికి పడిపోతుంది. ఇలా ఇబ్బంది ఒక్క భాగానికే పరిమితమైతే ముందుగా అనుమానించాల్సింది ఆ భాగాన్ని నడిపే డ్రైవర్‌ని. పాత డ్రైవర్‌ని తిరిగి పెట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. అసలు తప్పు డ్రైవర్‌దేనా అని తేల్చుకోవడం, పెట్టుకున్న పాత డ్రైవర్‌ని అక్కడే నిలబెట్టుకోవడం, ఈ రెండే కష్టం. ఎక్కువమంది తడబడేది కూడా ఇక్కడే.

డ్రైవర్ అనగానే హార్డ్‌వేర్‌ని సిస్టమ్‌కి పరిచయం చేసే చిన్న ఫైల్ అనుకుంటారు. కీబోర్డ్, మౌస్ విషయంలో అది దాదాపు నిజమే. గ్రాఫిక్స్ కార్డ్ విషయంలో మాత్రం కాదు. ఆ ప్యాకేజీ వందల మెగాబైట్లు ఉంటుంది. గేమ్ పంపే షేడర్ కోడ్‌ని, అంటే తెర మీద రంగులు, వెలుగునీడలు ఎలా ఉండాలో చెప్పే కోడ్‌ని, ఆ చిప్‌కి అర్థమయ్యే సూచనలుగా మార్చే కంపైలర్ అందులోనే ఉంటుంది. ఫలానా గేమ్‌కి ఫలానా సెట్టింగ్ అంటూ విడివిడి ప్రొఫైల్స్ ఉంటాయి. మెమరీ పంపకం, విద్యుత్ వాడకం కూడా చాలావరకు అదే చూసుకుంటుంది. అందుకే హార్డ్‌వేర్ మారకపోయినా డ్రైవర్ వెర్షన్ మారితే ఫ్రేమ్‌రేట్, అంటే సెకనుకి తెర మీద పడే ఫ్రేముల సంఖ్య, మారిపోతుంది. పైగా ఇలాంటి డ్రైవర్లలో కీలకమైన భాగం కెర్నల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో నడుస్తుంది. అక్కడ తేడా వస్తే ఒక్క ప్రోగ్రామ్‌తో ఆగదు, మొత్తం మెషీన్ మీద పడుతుంది. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ల నిర్మాణమే మారింది, కొత్త డ్రైవర్లు ఇంకా కుదురుకోలేదు. ఆ ఏడాది నమోదైన విస్టా క్రాష్‌లలో 28.8 శాతానికి ఎన్విడియా డ్రైవర్లే కారణమని తర్వాత ఒక కోర్టు కేసులో బయటికొచ్చిన మైక్రోసాఫ్ట్ లెక్కలు చూపించాయి.

సరే, సిస్టమ్ అప్‌డేట్ చేస్తే డ్రైవర్ ఎందుకు మారాలి?

విండోస్‌లో ఇది రెండు దారుల్లో జరుగుతుంది. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు దాదాపు కొత్త విండోస్‌నే పక్కన సిద్ధం చేసి, పాతదాంట్లోని ఫైళ్లనీ డ్రైవర్లనీ అందులోకి తరలిస్తుంది. తరలింపులో ఏదైనా డ్రైవర్ పనికిరాదని తేలితే దాని స్థానంలో మైక్రోసాఫ్ట్ సొంత జెనరిక్ డ్రైవర్ వచ్చి కూర్చుంటుంది. డిస్‌ప్లే దగ్గర మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అనే పేరు కనిపిస్తే జరిగింది ఇదే. బొమ్మ వస్తుంది కానీ గ్రాఫిక్స్ చిప్ పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. రెండో దారి విండోస్ అప్‌డేట్ నేరుగా కొత్త డ్రైవర్‌ని పంపడం. హార్డ్‌వేర్ కంపెనీలు తమ డ్రైవర్లని మైక్రోసాఫ్ట్‌కి ఇస్తాయి, అవి అక్కడి నుంచి మన మెషీన్లకి చేరతాయి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒక పరికరానికి సరిపోయే డ్రైవర్లు రెండు మూడు ఉంటే, విండోస్ వాటిలో వెర్షన్ నంబర్ పెద్దగా ఉన్నదాన్ని ఎంచుకోదు. ప్రతి డ్రైవర్‌కీ ఒక ర్యాంకు ఇస్తుంది. డిజిటల్ సంతకం ఎలాంటిది, పరికరం ఐడీతో డ్రైవర్ ఎంత కచ్చితంగా సరిపోతోంది అన్నవి ఆ ర్యాంకుని తేలుస్తాయి. ర్యాంకులు సమానమైతేనే తేదీ చూస్తుంది. తేదీ కూడా ఒకటే అయితే అప్పుడు వెర్షన్ సంగతి చూస్తుంది. ఒక డ్రైవర్ తయారీదారు కోడ్, చిప్ కోడ్‌లతోనే సరిపోలవచ్చు. ఇంకో డ్రైవర్‌కి వాటితోపాటు ఆ చిప్‌ని ఏ కంపెనీ ఏ మోడల్‌లో పెట్టిందో చెప్పే సబ్‌సిస్టమ్ కోడ్ కూడా ఉండవచ్చు. ల్యాప్‌టాప్ కంపెనీ తన మోడల్ కోసం ఎప్పుడో ఇచ్చిన డ్రైవర్‌లో ఈ పూర్తి ఐడీ ఉంటుంది. చిప్ కంపెనీ సైట్ నుంచి తెచ్చుకున్న తాజా డ్రైవర్‌లో చాలాసార్లు ఉండదు. అప్పుడు పాతదే మెరుగైన ర్యాంకు కొట్టేసి, కొత్తదాన్ని పక్కకి నెట్టేస్తుంది. కొత్త డ్రైవర్ వేసుకున్న వారానికి మళ్లీ పాత వెర్షన్ కనిపిస్తోందని తలపట్టుకునేవారి సమస్య ఇదే. తయారీదారు పరీక్షించిన డ్రైవర్‌కే మొగ్గు చూపాలన్న ఈ నియమం వెనక ఆలోచన తప్పు కాదు. కానీ యూజర్ తన చేత్తో వేసుకున్న డ్రైవర్‌ని అడగకుండా మార్చేయడం మాత్రం న్యాయం కాదు.

డ్రైవర్ తప్పు కాని సందర్భాలు

వెనక్కి వెళ్లేముందు ఒక్క క్షణం ఆగాలి. గత కొన్నేళ్లలో బాగా చర్చకు వచ్చిన పెర్ఫార్మెన్స్ సమస్యల్లో చాలావాటికి పాత డ్రైవర్ మందు కాదు. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చిన కొత్తలో ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లున్న మెషీన్లలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) ఆలస్యం దాదాపు మూడు రెట్లు పెరిగింది. కొన్ని అప్లికేషన్లలో 3 నుంచి 5 శాతం, కొన్ని ఈస్పోర్ట్స్ గేముల్లో 10 నుంచి 15 శాతం దాకా వేగం తగ్గొచ్చని ఏఎండీయే చెప్పింది. పరిష్కారం వెనక్కి వెళ్లడంలో లేదు. అదే నెలలో వచ్చిన విండోస్ అప్‌డేట్, దానితోపాటు కొత్త చిప్‌సెట్ (మదర్‌బోర్డ్ చిప్‌ల) డ్రైవర్, రెండూ వేసుకుంటేనే సమస్య తీరింది. అప్పట్లో పాత చిప్‌సెట్ డ్రైవర్‌కి వెళ్లినవాళ్లు మందుకే దూరమయ్యారు.

2022 సెప్టెంబర్‌లో విండోస్ 11కి 22హెచ్2 అనే పెద్ద అప్‌డేట్ వచ్చాక ఎన్విడియా కార్డులున్న కొన్ని మెషీన్లలో గేములు తడబడ్డాయి. మామూలు యూజర్ల కోసం కాని గ్రాఫిక్స్ డీబగ్గింగ్ ఫీచర్లు పొరపాటున ఆన్ అయిపోవడమే కారణమని తేలింది. మందు జీఫోర్స్ ఎక్స్‌పీరియన్స్ అనే సహాయక యాప్‌కి వచ్చిన అప్‌డేట్‌లో దొరికింది. 2021 ఏప్రిల్‌లో కెబి5001330 అనే అప్‌డేట్ వల్ల కొన్ని గేముల్లో ఫ్రేమ్‌రేట్ పడిపోయినప్పుడు కూడా లోపం విండోస్ వైపే ఉంది. అప్‌డేట్ మొత్తాన్ని కాకుండా అందులోని ఆ ఒక్క మార్పునే మైక్రోసాఫ్ట్ దూరం నుంచి ఆపేసింది.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణలూ ఉన్నాయి. 2010 మార్చిలో ఎన్విడియా 196.75 డ్రైవర్ కొన్ని కార్డుల ఫ్యాన్‌ని సరిగా తిప్పలేకపోయింది. కార్డులు వేడెక్కుతున్నాయని ఫిర్యాదులు రావడంతో కంపెనీయే దాన్ని తీసేసి 196.21కి వెనక్కి వెళ్లమంది. 2023లో వచ్చిన 531.18 డ్రైవర్‌తో గేమ్ మూసేసిన తర్వాత కూడా ఒక బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ ప్రాసెసర్‌ని 10 శాతానికి పైగా తింటూ కూర్చుంది. హాట్‌ఫిక్స్ (ఆ ఒక్క లోపాన్ని సరిచేసే చిన్న అప్‌డేట్) వచ్చేదాకా పాత వెర్షన్‌లో ఉండటమే సరైన పని. ఇలాంటప్పుడు రోల్‌బ్యాక్, అంటే పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్లడం, వెంటనే ఫలితం చూపిస్తుంది.

అందుకని మార్పు ఎక్కడ జరిగిందో ముందు చూడాలి. విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైజ్ మేనేజర్‌లో పరికరం ప్రాపర్టీస్ తెరిస్తే ఈవెంట్స్ అనే ట్యాబ్ ఉంటుంది. ఆ పరికరానికి ఏ రోజు ఏ డ్రైవర్ పడిందో అక్కడ వరసగా ఉంటుంది. మరింత వివరం కావాలంటే విండోస్ ఫోల్డర్ లోపలి ఐఎన్ఎఫ్ ఫోల్డర్‌లో సెటప్ఎపిఐ డాట్ డెవ్ అనే లాగ్ ఫైల్ దొరుకుతుంది. ఏ డ్రైవర్లు పోటీ పడ్డాయి, దేనికి ఏ ర్యాంకు వచ్చింది, చివరికి ఏది గెలిచింది అన్నీ అందులో ఉంటాయి. విండోస్‌లోనే ఉండే రిలయబిలిటీ మానిటర్‌లో అప్‌డేట్లు, క్రాష్‌లు తేదీలవారీగా పక్కపక్కనే కనిపిస్తాయి. ఇబ్బంది మొదలైన తేదీ, డ్రైవర్ మారిన తేదీ కలవకపోతే డ్రైవర్‌ని వదిలేసి వేరేచోట వెతకడం మంచిది. పెద్ద అప్‌డేట్ తర్వాత మెమరీ ఇంటెగ్రిటీ (కెర్నల్‌ని కాపాడే సెక్యూరిటీ సెట్టింగ్) ఆన్ అయిందా, పవర్ ప్లాన్ మారిందా అని కూడా చూడాలి. వేగం తగ్గడానికి ఈ రెండూ కారణం కావచ్చు.

శబ్దం విషయంలో ఇంకో చిక్కు ఉంది. పాట మధ్యలో చిటపటమని చప్పుడు వస్తే అందరూ ఆడియో డ్రైవర్ మార్చేస్తారు. కానీ దోషి తరచుగా వైఫై డ్రైవరో గ్రాఫిక్స్ డ్రైవరో అవుతుంది. హార్డ్‌వేర్ పిలిచినప్పుడు డ్రైవర్ తన పని క్షణంలో ముగించి ప్రాసెసర్‌ని వదిలేయాలి. వదలకుండా ఎక్కువసేపు పట్టుకుంటే ఆ సమయంలో ఆడియోకి వంతు రాదు. ఏ డ్రైవర్ ఎంతసేపు పట్టుకుందో లేటెన్సీమాన్ లాంటి ఉచిత టూల్ పేరుతో సహా చూపిస్తుంది. అది చూడకుండా ఆడియో డ్రైవర్‌ని ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

తొందరపాటు కూడా తప్పు దారి పట్టిస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ మారితే అంతకుముందు కూడబెట్టిన షేడర్ క్యాష్ (ముందే మార్చి దాచుకున్న షేడర్ కోడ్) చెల్లదు, గేమ్ మళ్లీ మొదటి నుంచి తయారు చేసుకోవాలి. మొదటి కొన్ని ఆటల్లో తడబాటు అందువల్లే. పెద్ద అప్‌డేట్ తర్వాత సెర్చ్ ఇండెక్సింగ్, యాంటీవైరస్ స్కాన్, పాత ఫైళ్ల శుభ్రం లాంటి పనులు వెనకాల చాలాసేపు నడుస్తాయి. ఒకటి రెండు రోజులు మామూలుగా వాడి, ఆ తర్వాత ఒకే గేమ్‌లో ఒకే చోట, ఒకే సెట్టింగులతో కొలిచి చూస్తేనే ఆ కొలతకి విలువ ఉంటుంది. సగటు ఫ్రేమ్‌రేట్ ఒక్కటే చూస్తే చాలదు. కంటికి తెలిసే తడబాటు అతి నెమ్మదైన 1 శాతం ఫ్రేముల్లో దాక్కుంటుంది.

వెనక్కి వెళ్లే దారులు

డ్రైవరే కారణమని తేలాక మొదటి దారి డివైజ్ మేనేజర్‌లో, డ్రైవర్ ట్యాబ్‌లో ఉండే రోల్ బ్యాక్ డ్రైవర్ బటన్. నొక్కితే పాతది వచ్చేస్తుంది. కానీ అది ఒక్క అడుగు మాత్రమే వెనక్కి తీసుకెళ్తుంది, అంతకుముందు వెర్షన్ కావాలంటే కుదరదు. పైగా అత్యవసరంగా కావాల్సినప్పుడే, అంటే విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత, చాలాసార్లు ఆ బటన్ నొక్కడానికి వీల్లేకుండా మసకగా ఉంటుంది. పాత డ్రైవర్ వివరం ఆ పరికరం పేరున నమోదై లేకపోవడమే కారణం. మైక్రోసాఫ్ట్ సరిచేయాల్సిన లోపాల్లో ఇది ముఖ్యమైనది.

బటన్ మసకబారిందని ఆశ వదులుకోనక్కర్లేదు. డ్రైవర్‌స్టోర్ అనే ఫోల్డర్‌లో పాత ప్యాకేజీలు ఉండిపోయే అవకాశం ఉంది. డ్రైవర్ ట్యాబ్‌లోనే అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, కంప్యూటర్‌లో వెతుకుతానని చెప్పి, ఆ తర్వాత జాబితా నుంచి ఎంచుకుంటానని చెబితే ఉన్న వెర్షన్లన్నీ తేదీలతో కనిపిస్తాయి. కావాల్సినదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. జాబితాలో ఒక్కటే ఉంటే, ఎప్పుడో డిస్క్ క్లీనప్‌లో డివైజ్ డ్రైవర్ ప్యాకేజెస్ అన్న గడికి టిక్ పెట్టి ఉండవచ్చు. కాసిన్ని గిగాబైట్ల ఖాళీ కోసం చేసే ఆ పని పాత డ్రైవర్లని తుడిచేస్తుంది.

అక్కడా లేకపోతే తయారీదారు సైటే గతి. ల్యాప్‌టాప్ అయితే ముందు ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ, తర్వాతే చిప్ కంపెనీ పేజీ. డ్రైవర్ డౌన్‌లోడ్ అని పేరు పెట్టుకున్న మూడో పక్షం సైట్లనీ, అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో అంటూ ఊరించే యాప్‌లనీ దరిదాపులకి రానివ్వకూడదు. కెర్నల్‌లో నడిచే కోడ్‌ని ఎవరి దగ్గరపడితే వారి దగ్గర తెచ్చుకోవడం ప్రమాదం.

కొత్త డ్రైవర్ ఉండగానే దాని మీద పాతది ఎక్కిస్తే కొన్నిసార్లు రెండింటి ఫైళ్లూ కలగలిసిపోతాయి. గ్రాఫిక్స్ విషయంలో సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ టూల్‌తో పూర్తిగా తుడిచి, ఇంటర్నెట్ ఆపి, పాతది వేయడం నమ్మకమైన పద్ధతి. ఇంటర్నెట్ ఆపమనడం ఎందుకంటే, ఖాళీ కనిపించగానే విండోస్ అప్‌డేట్ తన డ్రైవర్‌ని దించేస్తుంది. సేఫ్ మోడ్‌కి వెళ్లేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) రికవరీ కీ దగ్గర పెట్టుకోవాలి, కొన్ని మెషీన్లు దాన్ని అడుగుతాయి. వైఫై డ్రైవర్ తీసేస్తున్నట్టయితే పాత డ్రైవర్ ఫైల్ ముందుగానే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. తీసేశాక నెట్ ఉండదు.

స్టోరేజ్ కంట్రోలర్ డ్రైవర్‌తో మాత్రం చాలా జాగ్రత్త. డిస్క్‌ని చదివేది అదే. తప్పు వెర్షన్ పడితే బూట్ డివైజ్ దొరకలేదంటూ ఎర్రర్ తెర వచ్చి విండోస్ అసలు మొదలే కాకపోవచ్చు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. అక్కడ రోల్‌బ్యాక్ చేయక తప్పదనుకుంటే రీస్టోర్ పాయింట్, ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్, బూట్ చేయగల యూఎస్‌బీ, మూడూ సిద్ధం చేసుకున్నాకే చేయాలి.

బయోస్, ఇతర ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) కూడా ఈమధ్య విండోస్ అప్‌డేట్ ద్వారానే వస్తున్నాయి. అవి డ్రైవర్లు కావు. రోల్ బ్యాక్ బటన్ వాటిని వెనక్కి తేలేదు, కొన్ని కంపెనీలు పాత ఫర్మ్‌వేర్ వేయడాన్నే అడ్డుకుంటాయి.

ఏదీ కుదరకపోతే మొత్తం విండోస్‌నే పాత వెర్షన్‌కి తీసుకెళ్లే గో బ్యాక్ సదుపాయం ఉంది. పెద్ద అప్‌డేట్ తర్వాత మామూలుగా 10 రోజులే దానికి గడువు. విండోస్ 10 మొదట వచ్చినప్పుడు ఈ గడువు 30 రోజులుండేది, 2016లో తగ్గించారు. ఆ 10 రోజులు దాటకముందే డిస్మ్ అనే కమాండ్‌తో దాన్ని 60 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. అప్‌డేట్ పడిన రోజే చేసుకుంటే నింపాదిగా పరీక్షించే వీలుంటుంది.

వేసిన డ్రైవర్ నిలవాలంటే

పాత డ్రైవర్ వేశాక అంతా సర్దుకుంటుంది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ కొత్తది వచ్చి కూర్చుంటుంది. దీన్ని ఆపకపోతే అప్పటిదాకా చేసినదంతా వృథా. విండోస్ ప్రో, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లలో గ్రూప్ పాలసీ అనే లోతైన సెట్టింగుల ద్వారా అప్‌డేట్లతోపాటు డ్రైవర్లు రాకుండా ఆపవచ్చు. సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగానే వస్తాయి, డ్రైవర్లు మాత్రం రావు. ఉన్నవాటిలో మంచి దారి ఇదే. మరో పాలసీ ఫలానా హార్డ్‌వేర్ ఐడీ ఉన్న పరికరానికి ఏ కొత్త డ్రైవర్‌నీ వేయనివ్వదు. అది చాలా గట్టిది, తర్వాత మనమే కొత్తది వేద్దామన్నా ఒప్పుకోదు. పాలసీ పెట్టిన సంగతి ఎక్కడైనా రాసిపెట్టుకోకపోతే ఏడాది తర్వాత ఏ డ్రైవరూ ఎందుకు పడటం లేదో అర్థం కాక టెన్షన్ పడాల్సి వస్తుంది.

హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ లేదు. ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ ఒక్కో అప్‌డేట్‌ని దాచేసే చిన్న టూల్ ఇచ్చింది. కానీ ఆ తరం ట్రబుల్‌షూటర్లకి కంపెనీ వీడ్కోలు పలుకుతోంది కాబట్టి దాని మీద ఎక్కువకాలం ఆధారపడలేం. మామూలు ఇంటి యూజరే ఎక్కువగా ఇబ్బంది పడుతున్నప్పుడు, ఈ డ్రైవర్‌ని మార్చొద్దు అని చెప్పే ఒక్క సాదా స్విచ్ ప్రతి పరికరం పక్కనా ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు. 2020 నుంచి చాలా డ్రైవర్లు ఆప్షనల్ అప్‌డేట్స్ అనే విడి జాబితాలోకి వెళ్లడం కొంత ఊరట. అక్కడ ఉన్నవాటిని టిక్ పెడితేనే పడతాయి. ఇబ్బంది లేనప్పుడు ఆ జాబితా జోలికి పోకపోవడమే మేలు.

లైనక్స్‌లో ఈ తలనొప్పి చాలా తక్కువ. అక్కడ ఎక్కువ డ్రైవర్లు కెర్నల్‌లోనే భాగం, పాత డ్రైవర్ కావాలంటే పాత కెర్నల్‌తో బూట్ చేస్తే చాలు. కొత్త కెర్నల్ వచ్చినా ఉబుంటు ముందుదాన్ని ఉంచుతుంది, ఫెడోరా మామూలుగా మూడు కెర్నల్స్ ఉంచుతుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ఎంచుకుని రెండు నిమిషాల్లో పోల్చి చూసుకోవచ్చు. అది నచ్చితే ఆ ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టే, అంటే మారకుండా ఆపే, కమాండ్ ఉండనే ఉంది. విండోస్‌లో ఇన్ని మలుపులు తిరగాల్సిన పని అక్కడ ఒక మెనూలో అయిపోతుంది. ఎన్విడియా సొంత డ్రైవర్ వాడేవారికి మాత్రం వేరే చిక్కు. పాత ఫెర్మి తరం కార్డులకి కావాల్సిన 390 శ్రేణికి 2022 చివరితో మద్దతు ముగిసింది, కొత్త కెర్నల్స్ మీద అది నేరుగా నిలబడదు. మ్యాక్‌లో అయితే విడిగా డ్రైవర్ మార్చుకునే ప్రశ్నే దాదాపు రాదు, అవి సిస్టమ్‌తోపాటే వస్తాయి. ఎన్విడియా విడిగా ఇచ్చిన డ్రైవర్లు 2017 నాటి హై సియెర్రాతోనే ఆగిపోయాయి, మరుసటి ఏడాది వచ్చిన మొహావేకి అవి రాలేదు.

పాతదాంట్లో ఉండిపోతే

పాత డ్రైవర్‌తో పాత లోపాలు కూడా తిరిగొస్తాయి. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. గిగాబైట్ కంపెనీ డ్రైవర్ ఒకదాంట్లో 2018లో బయటపడిన లోపాన్ని 2020లో రాబిన్‌హుడ్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వాడుకుంది. సంతకం ఉన్న అసలు డ్రైవర్ కాబట్టి విండోస్ దాన్ని నమ్మింది, అది కెర్నల్‌లోకి దారి ఇచ్చింది, దాడి చేసినవారు యాంటీవైరస్‌ని ఆపేశారు. ఇలాంటివాటి కోసమే ప్రమాదకర డ్రైవర్ల నిరోధక జాబితాని విండోస్ 11 2022 అప్‌డేట్ నుంచి మామూలుగానే ఆన్ చేసి ఇస్తున్నారు. పాత డ్రైవర్ ఎక్కకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. అలాంటప్పుడు రక్షణని ఆపేసి మరీ ఎక్కించుకోవడం తగదు. 2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ ఇంకో అడుగు ముందుకేసి, విండోస్‌తోపాటే వస్తున్న ఒక అగేర్ మోడెమ్ డ్రైవర్‌ని లోపం కారణంగా పూర్తిగా తొలగించింది. దాని మీద ఆధారపడ్డ ఫ్యాక్స్ మోడెమ్‌లు ఆగిపోయాయి. ఆ డ్రైవర్‌ని వెతికి తెచ్చి పెట్టుకోవడం ఎంతమాత్రం మంచిది కాదు, హార్డ్‌వేర్ మార్చుకోవడమే దారి.

కాబట్టి రోల్‌బ్యాక్‌కి ఒక గడువు ఉండాలి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దానితో ఇచ్చే రిలీజ్ నోట్స్‌లో సరిచేసిన లోపాల జాబితా చూడాలి. మన ఇబ్బంది అందులో ఉంటే ప్రయత్నించాలి. లేకపోయినా కొన్ని నెలలకోసారి ప్రయత్నించి, అదే గేమ్‌లో అదే చోట మళ్లీ కొలవాలి. మొదటి కొలతల అంకెలు రాసిపెట్టుకుని ఉంటే ఈ పని పది నిమిషాలు.

వీటన్నిటికన్నా తేలికైన పని ఒకటుంది, దాన్ని అప్‌డేట్‌కి ముందే చేయాలి. విండోస్‌లో పిఎన్‌పి యుటిల్ అనే కమాండ్‌కి ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ అనే ఆప్షన్ ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే మైక్రోసాఫ్ట్‌వి కాని డ్రైవర్లన్నిటినీ మనం చెప్పిన ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది. ఆ ఫోల్డర్‌ని బయటి డ్రైవ్‌లో ఉంచి పేరులో తేదీ పెట్టాలి. రోల్ బ్యాక్ బటన్ మసకబారినా, కంపెనీ తన సైట్ నుంచి పాత వెర్షన్ తీసేసినా, అప్‌డేట్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే అంతకుముందు పనిచేసిన డ్రైవర్ అందులో సిద్ధంగా ఉంటుంది.